ఆర్‌ఎక్స్ 100 హెడ్ కోయించే ముందు: కంప్రెషన్ కొలిచి పెంచే పద్ధతి

బెజవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకి వెళ్లి యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ హెడ్ (సిలిండర్ పైన మూతలా బిగించేది) చేతిలో పెట్టినా ముందు వచ్చే ప్రశ్న ‘ఎంత తియ్యమంటారు?’ అనే. హెడ్ ముఖం కోస్తే పిస్టన్ పైన మిగిలే ఖాళీ తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది, బండి బాగా లాగుతుందని ఆశ. చాలామంది ‘హాఫ్ ఎమ్‌ఎమ్ తీసెయ్ అన్నా’ అంటారు. ఎందుకు హాఫ్ అంటే, ఫ్రెండ్ బండికి హాఫే తీశారట, ఇప్పుడది ఆగట్లేదట. ఆ ఫ్రెండ్ బండి బోరెంత (అంటే సిలిండర్ లోపలి వెడల్పు), హెడ్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) మందమెంత, ఎగ్జాస్ట్ పోర్ట్ (సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం) ఎప్పుడైనా గీకించారా లేదా, ఇవేవీ ఎవరూ అడగరు. ఒకసారి తీసిన అల్యూమినియం మళ్లీ అతకదు కదా, అందుకే ఆ ఒక్క ప్రశ్నకి మీ బండికి మాత్రమే సరిపోయే జవాబు ఎలా తెచ్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సలహా, కోతకి సంబంధం లేనిది. ఈ బండి 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది, ఒరిజినల్ హెడ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. మీ దగ్గర ఒరిజినల్ ఉంటే దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేయండి. కోతలన్నీ విడిగా కొన్న హెడ్ మీదే. అది పాడైనా నష్టం చిన్నది, పైగా ఎప్పుడైనా బండిని మళ్లీ స్టాక్‌లోకి తేవాలనిపిస్తే నాలుగు నట్ల పని.

రెండోది, బోరు అరిగిన ఇంజిన్‌కి హెడ్ కోయించి లాభం లేదు. కంప్రెషన్ గేజ్ తెచ్చి ప్లగ్ హోల్‌కి బిగించి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, సూది ఇక పెరగదు అనేదాకా కిక్ కొట్టి వచ్చిన అంకె రాసిపెట్టుకోండి. యాక్సిలేటర్ మూసి కొడితే గాలి లోపలికి రాదు, అంకె తప్పొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రోడ్డు బండి టూ స్ట్రోక్ మామూలుగా 120 నుంచి 150 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది. అంతకంటే బాగా తక్కువొస్తే ముందు రింగులు, బోరు సంగతి చూడాలి. గేజ్ గొట్టంలో, అడాప్టర్‌లో ఉండే ఖాళీ కూడా అంకెని కిందికి లాగుతుంది, అందుకని పని అయ్యాక కూడా ఇదే గేజ్, ఇదే అడాప్టర్ వాడండి. పక్క షాపు గేజ్‌తో పోల్చుకుంటే మనసు పాడవడం తప్ప ఉపయోగం లేదు.

ఇక లెక్క. పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేలోపు ఎంత వాల్యూమ్ తుడుస్తుందో దానికి, పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పుడు మిగిలే ఖాళీని కలిపి, మళ్లీ ఆ ఖాళీతోనే భాగిస్తే వచ్చేది కంప్రెషన్ రేషియో. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 ఎమ్‌ఎమ్, స్ట్రోక్ (పిస్టన్ కింది నుంచి పైకి నడిచే దూరం) కూడా 50 ఎమ్‌ఎమ్, అంటే 98.2 సీసీ. బోర్ చేయించి 50.50 పిస్టన్ వేసి ఉంటే 100.1 సీసీ. పైన మిగిలే ఖాళీ 9.5 సీసీ అనుకుందాం, ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె, మీ బండిది మీరు కొలుచుకోవాల్సిందే. 98.2కి 9.5 కలిపితే 107.7, దాన్ని 9.5తో భాగిస్తే 11.3.

ఈ లెక్క ఏ ఇంజిన్‌కైనా పనిచేస్తుంది.        

కానీ టూ స్ట్రోక్‌లో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. పిస్టన్ పైకి బయలుదేరగానే కంప్రెషన్ మొదలవదు. ఎగ్జాస్ట్ పోర్ట్ మూసుకున్నాకే లోపలున్నది నిజంగా నొక్కుకోవడం మొదలవుతుంది. అందుకే జపాన్ కంపెనీలు మాన్యువల్‌లో పోర్ట్ మూసుకున్న తర్వాతి లెక్కే ఇస్తాయి, యూరప్ వాళ్లు ఎక్కువగా పూర్తి స్ట్రోక్ లెక్క ఇస్తారు. ఒకడు ఆరున్నర అంటాడు, ఇంకొకడు పన్నెండు అంటాడు, ఇద్దరూ ఒకే ఇంజిన్ గురించి మాట్లాడుతుండొచ్చు కూడా. ఎవరైనా అంకె చెప్తే అది ఏ లెక్కో ముందు అడగండి.

పోర్ట్ ఎత్తు కొలవడం సులువే. హెడ్ తీసేసి, పిస్టన్‌ని పైకి తెచ్చి, సిలిండర్ పై అంచు నుంచి పిస్టన్ అంచు ఎంత లోతులో ఉందో వెర్నియర్ తోకతో చూడండి. తర్వాత నెమ్మదిగా కిందికి దించుతూ ఎగ్జాస్ట్ పోర్ట్‌లో నుంచి సన్నగా వెలుతురు కనపడగానే ఆపి మళ్లీ కొలవండి. రెండింటి తేడా మీకు కావాల్సింది. అది 25 ఎమ్‌ఎమ్ వచ్చిందనుకుందాం. అప్పుడు నిజంగా నొక్కుకునేది 49.1 సీసీ మాత్రమే, పై ఖాళీ 9.5 అయితే రేషియో 6.2. ఇప్పుడు ఎవరో పోర్టింగ్ చేస్తామని ఎగ్జాస్ట్ పోర్ట్‌ని ఒక్క ఎమ్‌ఎమ్ పైకి గీకారనుకోండి, 47.1 సీసీ అవుతుంది, రేషియో 6కి దిగుతుంది. పూర్తి స్ట్రోక్ లెక్కలో మాత్రం ఏమీ మారలేదు, అదే 11.3. పోర్టింగ్ చేయించాక బండి కింద ఆర్‌పీఎమ్‌లో చచ్చుగా లాగడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి పోర్టింగ్ చేయించే ఆలోచన ఉంటే అది ముందు, హెడ్ పని ఎప్పుడూ చివర. ముందు హెడ్ కోయించి తర్వాత పోర్ట్ గీకితే చేసిన లెక్కంతా వృథా.

పై ఖాళీ కొలవడానికి కావాల్సినవి మెడికల్ షాపులో దొరికే పది సీసీ సిరంజి, ఆఖర్లో సర్దడానికి ఒక సీసీ సిరంజి, కాస్త గ్రీజు, టూటీ ఆయిల్‌లో కొంచెం కిరోసిన్ కలిపిన ద్రవం. హెడ్ తీసి, పిస్టన్ పైకి తెచ్చి, పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందు చుట్టూ సన్నగా గ్రీజు పూసి, పైన మిగిలింది శుభ్రంగా తుడిచేయండి. లేకపోతే పోసింది రింగుల్లోంచి కిందికి జారిపోతూ ఉంటుంది, మీరేమో ఖాళీ ఎక్కువుందని మురిసిపోతారు. తర్వాత మీరు వాడబోయే అదే ప్యాకింగ్‌తో హెడ్ బిగించి, బండిని ప్లగ్ హోల్ నిటారుగా నిలబడేలా వంచి, పిస్టన్ సరిగ్గా పైనే ఉందో లేదో మళ్లీ చూసుకుని, ప్లగ్ హోల్ పై అంచుదాకా నింపండి. గాలి బుడగలు మిగలకుండా బండిని అటూ ఇటూ కాస్త ఊపాలి. ఎన్ని సీసీలు పట్టిందో దాన్లోంచి ప్లగ్ మర (థ్రెడ్) ఉండే చోట పట్టింది తీసేయాలి. చిన్న రీచ్ ప్లగ్ అయితే, అంటే మర పొడవు 12.7 ఎమ్‌ఎమ్ ఉండేది, సుమారు 1.7 సీసీ. 11.2 పట్టిందంటే మీ ఖాళీ 9.5. రెండుసార్లు చేసి రెండూ 0.1 తేడాలోపు వస్తేనే నమ్మండి, రాకపోతే గ్రీజు దగ్గరో బుడగ దగ్గరో ఏదో జరిగింది.

రేషియో కంటే కూడా నేను ఎక్కువ పట్టించుకునేది స్క్విష్. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్ అంచు పట్టీకీ మధ్య మిగిలే సందు అన్నమాట. ఆ సందు సరిగ్గా ఉంటే అంచుల్లోని మిక్స్చర్ అంతా మధ్యలో ప్లగ్ దగ్గరికి ఒక్కసారిగా నెట్టబడి, బాగా కలిసి, త్వరగా కాలుతుంది. అంచుల్లో మిగిలే కాస్తా చల్లగానే ఉంటుంది. సందు మరీ ఎక్కువైతే నెట్టడమూ ఉండదు, చల్లబడటమూ ఉండదు, కాలకుండా మిగిలిన మిక్స్చర్ అక్కడే వేడెక్కి దానంతటదే పేలుతుంది, అదే నాకింగ్. అంటే స్క్విష్ వదులుగా ఉన్న ఇంజిన్ తక్కువ కంప్రెషన్‌లో కూడా నాక్ కొడుతుంది, స్క్విష్ బిగువుగా ఉన్నది అంతకంటే ఎక్కువ కంప్రెషన్‌ని కూడా తట్టుకుంటుంది. కొలవడానికి 1.5 ఎమ్‌ఎమ్ పైన ఉన్న సోల్డర్ తీగ ముక్కలు రెండు తీసుకుని, పిస్టన్ మీద రెండు పక్కలా, గుడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) ఏ దిక్కుగా ఉందో ఆ లైన్‌లోనే, గోడకి తగిలేలా గ్రీజుతో అంటించండి. ముందు వెనకల పెడితే పిస్టన్ ఊగి తప్పు అంకె వస్తుంది. హెడ్ బిగించి, కిక్ రాడ్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కి పిస్టన్‌ని ఒకసారి పైకి దాటించి, హెడ్ తీసి నలిగిన చివర్లని వెర్నియర్‌తో చూడండి. రోడ్డు మీద తిరిగే 100 సీసీ బండికి 0.9 నుంచి 1.0 ఎమ్‌ఎమ్ హాయిగా ఉంటుంది, 0.8 కంటే కిందికి వెళ్లొద్దు. వేడికి సాగే పిస్టన్, కనెక్టింగ్ రాడ్, బేరింగుల్లో ఉండే ప్లే అన్నీ కలిసి ఆ మిగిలిన సందునే తింటాయి మరి.

ఈ మూడు అంకెలు చేతికొచ్చాక, అంటే ఖాళీ, పోర్ట్ ఎత్తు, స్క్విష్, అప్పుడు ఆలోచించాల్సింది లేత్ గురించి కూడా కాదు, ప్యాకింగ్ గురించి. ఇప్పుడున్నదానికంటే 0.3 ఎమ్‌ఎమ్ సన్నటి హెడ్ ప్యాకింగ్ వేస్తే ఖాళీ ఇంచుమించు 0.6 సీసీ తగ్గుతుంది, స్క్విష్ కూడా అదే 0.3 బిగుస్తుంది. స్క్విష్ 1.3 ఉన్న బండికి ఇది ఒక్కటే సగానికి పైగా పని చేసేస్తుంది, నచ్చకపోతే పాతది వేసుకోవచ్చు. రాగి ప్యాకింగ్ అయితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి చక్కగా అతుక్కుంటుంది. సిలిండర్ కింది ప్యాకింగ్ జోలికి మాత్రం పోవద్దు. అది సన్నం చేస్తే సిలిండర్ మొత్తం కిందికి దిగి పోర్టులన్నీ ఆలస్యంగా తెరుచుకుంటాయి, కింద లాగుడు కాస్త పెరిగినా పైన బండి ఊపిరాడనట్టు అవుతుంది.

అప్పటికీ సరిపోకపోతేనే కోత. ఎంత అన్నది హెడ్ ఆకారం మీద ఉంటుంది, హాఫ్ ఎమ్‌ఎమ్ సూత్రం పనికిరానిది ఇక్కడే. హెడ్ గుంత అంచు ప్యాకింగ్ తగిలే ముఖం దగ్గర బోరంత వెడల్పుగా మొదలైతే 0.5 ఎమ్‌ఎమ్ కోత దాదాపు ఒక సీసీ తీసేస్తుంది. స్క్విష్ పట్టీ ముఖానికి సమానంగా చదునుగా ఉండి మధ్యలో 36 ఎమ్‌ఎమ్ గుంత మాత్రమే ఉంటే అదే 0.5 కోతకి తగ్గేది 0.5 సీసీనే, ఒక సీసీ కావాలంటే దాదాపు 1 ఎమ్‌ఎమ్ తీయాలి. మొదటి రకం హెడ్‌లో కోసిన ప్రతి పాయింటూ స్క్విష్‌ని కూడా బిగిస్తుంది, రెండో రకంలో స్క్విష్ కదలదు. స్క్విష్ మరీ బిగుసుకుపోతే పట్టీని విడిగా లోపలికి తీయించాలి, అలా 0.2 తీస్తే ఖాళీలో 0.2 సీసీ దాకా వెనక్కొస్తుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. గుంత లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది కాబట్టి లెక్కకంటే నిజంగా తగ్గేది ఎప్పుడూ కాస్త తక్కువే. రెండు విడతల్లో తీయించి మధ్యలో సిరంజితో మళ్లీ కొలవండి, లేత్ అతను విసుక్కుంటే టీ తాగించండి.

ఎంతకి ఆపాలి? మే నెలలో 45 దాటే ఊర్లో, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో గాలి తగలక ఉడికిపోయే ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కి, పోర్ట్ మూసుకున్న తర్వాతి లెక్కలో 6.5 నుంచి 7 మధ్య నా మాట. మన ఉదాహరణలో ఖాళీని 9.5 నుంచి 8.5కి తెస్తే 6.2 కాస్తా 6.8 అవుతుంది, పూర్తి స్ట్రోక్ లెక్కలో 12.6. గేజ్ మీద 160 దాటిందంటే నేనైతే వెనక్కి వస్తాను. దీనికి మించి పెంచినా వచ్చేది పెద్దగా ఉండదు. కంప్రెషన్ పెరిగితే లాభం కింద, మధ్య ఆర్‌పీఎమ్‌లో తెలుస్తుంది. పైన మాత్రం ఒక్కోసారి తగ్గుతుంది కూడా, ఎందుకంటే సిలిండర్‌లోనే ఎక్కువ వేడి పనిగా మారి సైలెన్సర్‌లోకి వెళ్లే గ్యాస్ చల్లబడుతుంది, చల్లటి గ్యాస్‌లో శబ్ద తరంగం నెమ్మదిగా వెళ్తుంది, దాంతో పైపు పనిచేసే ఆర్‌పీఎమ్ కాస్త కిందికి జరుగుతుంది. ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే రేసింగ్ సైలెన్సర్) వేసి, పైన రేజ్ అవ్వాలని కోరుకునేవాళ్లు కంప్రెషన్ మీద మరీ ఆశ పడకూడదు.

లేత్ షాపులో ఒక్కటే పట్టుబట్టండి, హెడ్‌ని రెక్కలు పట్టి చక్‌లో బిగించొద్దని. రెక్కలు విరుగుతాయి, ముఖమూ వంకరగా తెగుతుంది. 14 ఎమ్‌ఎమ్, 1.25 పిచ్ మర ఉన్న చిన్న మాండ్రిల్ (పట్టుకోవడానికి కడ్డీ) చేయించి ప్లగ్ హోల్‌లో బిగించి దాన్ని చక్‌లో పట్టించాలి, డయల్ గేజ్‌తో తిప్పి చూసి సన్నటి కోతలు వేయించాలి. ఇంటికొచ్చాక మందపాటి గాజు పలక మీద 400 నంబర్ వాటర్ పేపర్ పరిచి, హెడ్ ముఖం మీద మార్కర్‌తో అడ్డగీతలు గీసి, ఎనిమిది ఆకారంలో రుద్దండి. గీతలన్నీ ఒకేసారి పోతే ముఖం చదునుగా ఉన్నట్టు. నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి, టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్ అంకెకి. బిగించాక సోల్డర్ తీగతో స్క్విష్ ఇంకోసారి.

ఇక పెట్రోల్, జెట్, టైమింగ్. బంకుల్లో వచ్చే ఇ20తో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) నాకింగ్ పెరుగుతుందని కొందరి భయం, నిజానికి ఇథనాల్ నాకింగ్‌ని తగ్గిస్తుంది. ప్రమాదం వేరే చోట ఉంది: మామూలు పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. పాత జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం) ఈ పెట్రోల్ పోస్తే మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోల్ ఉండదు, లీన్ అయితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కాబట్టి మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేసి మొదలుపెట్టి, ప్లగ్ రంగు చూసుకుంటూ కిందికి రండి, చిన్నదాంతో మొదలుపెట్టి పైకి వెళ్లొద్దు. జెట్ సెట్ చేసుకోవడానికి డిసెంబర్ తెల్లవారుజాము మంచిది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, మిక్స్చర్ ఏడాది మొత్తంలో అప్పుడే అన్నిటికంటే లీన్, అప్పుడు సరిపోయిన జెట్ ఎండాకాలంలో కాస్త రిచ్ అవుతుందే తప్ప ఇంజిన్‌ని కాల్చదు. మే మధ్యాహ్నం సెట్ చేసి చలికాలంలో అలాగే తిరిగేవాళ్లకే పట్టేయడాలు. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లో కలిపి పోసేవాళ్లు, కలిపిన డబ్బా వానాకాలంలో వారాల తరబడి ఉంచకండి, ఇథనాల్ తేమని లాక్కుంటుంది.

కంప్రెషన్ పెరిగితే మిక్స్చర్ త్వరగా కాలుతుంది కాబట్టి స్పార్క్ కాస్త ఆలస్యంగా రావాలి. మాగ్నెటో బేస్ ప్లేట్ మీద పాత స్థానానికి గీత గీసి, మాగ్నెట్ ఏ వైపు తిరుగుతుందో అదే వైపు ప్లేట్‌ని వెంట్రుకవాసి తిప్పండి, అది రిటార్డ్ చేయడం. ప్లగ్ ఒక రేంజ్ చల్లటిది, అంటే వేడిని త్వరగా వదిలేది, వేయండి. ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో నంబర్ తగ్గితే చల్లటిది. కౌంటర్‌లో ‘ఒక నంబర్ పైది ఇవ్వండి’ అని బ్రాండ్ చూడకుండా తెచ్చుకుంటే సగంమంది వేడి ప్లగ్ వేసుకుని వస్తారు.

టెస్ట్ చేయడానికి హైవే మీద ఫుల్ థ్రాటిల్ కొట్టక్కర్లేదు, కాజ టోల్ వైపు లారీల మధ్య అసలే వద్దు. నాకింగ్ బయటపడేది లోడ్‌లో. ఉదయాన్నే కొండవీడు ఘాట్ లాంటి ఎత్తు మీద, ఇంజిన్ బాగా వేడెక్కాక, మూడో గేర్‌లో మధ్య ఆర్‌పీఎమ్ నుంచి యాక్సిలేటర్ బలంగా తిప్పి వినండి. హెడ్ లోపల రాళ్లు గలగలలాడే శబ్దం వచ్చిందంటే వెంటనే వదిలేయండి. చెవికి వినపడకపోయినా ప్లగ్ చెప్పేస్తుంది, తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, మధ్యలో మెరిసే అల్యూమినియం రవ్వలు కనిపిస్తే నాక్ కొడుతున్నట్టే. పింగాణీ లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంటే బాగున్నట్టు.

మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక హెడ్ ఒకసారి విప్పండి. పిస్టన్ అంచు, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వైపు, గరుకుగా తినేసినట్టు ఉంటే ముందు జెట్ ఇంకో సైజు పెంచండి, తర్వాత టైమింగ్ ఇంకాస్త వెనక్కి. అప్పటికీ తగ్గకపోతే చాలామంది మందపాటి ప్యాకింగ్ వేసి వదిలేస్తారు, ఆ పని చేయకండి, కంప్రెషన్‌తో పాటు స్క్విష్ కూడా వదులైపోయి నాకింగ్ మళ్లీ మొదటికే వస్తుంది. స్క్విష్ పట్టీ జోలికి పోకుండా మధ్య గుంతలో మాత్రమే 0.3 సీసీ తీయించి, మళ్లీ సిరంజి పట్టుకుని కొలవండి.